కొండ మీద ఎంతమంది ఉన్నారో కింద నుంచి ఎలా లెక్కపెడతారు?

దాడికి ముందు శత్రువు బలం ఎలా తెలుస్తుంది, ఆ అంచనా ఎందుకు తప్పుతుంది అని అడిగారు. నేను ఆర్టిలరీలో పనిచేసి రిటైరయ్యాను. 1999 జూన్‌లో, కార్గిల్ యుద్ధమప్పుడు, ద్రాస్‌లో ఓపీ డ్యూటీ చేశాను. ఓపీ అంటే ఎదురు కొండను బైనాక్యులర్‌తో చూస్తూ, ఎక్కడ కొట్టాలో మన గన్స్‌కి చెప్పే చోటు.

మనుషులు దాదాపు కనపడరండీ. సంగర్లు (చాటుగా ఉండి కాల్చడానికి రాళ్లు పేర్చి కట్టిన గోడలు), తెల్లవారుజామున సన్నటి పొగ, మంచులో కొత్తగా పడిన కాలిబాట, రాత్రిపూట ఫైరింగ్ మెరుపులు, ఇవే ఆధారం. మెరుపు కనపడగానే టైము, దిశ రాసుకోవాలి. ఒక గుట్ట మీద నాలుగు మెషిన్ గన్స్ ఉన్నాయని రాశాం. అది మన చేతికి వచ్చాక పైకెళ్లి చూస్తే రెండే! చోటు మార్చి మార్చి కొట్టారన్నమాట. ఈ తప్పు నయం. ఎక్కువనుకుంటే ఇంకో రోజు షెల్లింగ్ చేస్తాం. తక్కువనుకుంటే పోయేది మన కుర్రాళ్లు.

కార్గిల్‌లో మొదట జరిగింది ఆ రెండోదే. మే మొదట్లో బటాలిక్ వైపు పశువుల కాపరులు కబురు తెచ్చారు. కొద్దిమంది మిలిటెంట్లే అనుకున్నారు, రెండు రోజుల్లో ఖాళీ చేయిస్తామన్న మాట కూడా వినపడింది. తీరా చూస్తే పైనున్నది పాకిస్తాన్ సైనిక దళం, నార్తర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీ. ద్రాస్ దగ్గరి తోలోలింగ్ కొండ ఎక్కబోయి మన 18 గ్రెనేడియర్స్ బెటాలియన్ మేజర్ రాజేశ్ అధికారిని, ఆ వెంటనే లెఫ్టినెంట్ కల్నల్ విశ్వనాథన్‌ను పోగొట్టుకుంది. జూన్ 13కి గానీ 2 రాజపుతానా రైఫిల్స్ దాన్ని పట్టలేకపోయింది.

నన్నడిగితే, తలలు కనపడనప్పుడు పొట్టలు లెక్కపెట్టాలి. అంత ఎత్తులో రోజూ తిండి, కిరోసిన్, తూటాలు ఎవరో మోయాలి కదా. మే 21న ఫొటోలకెళ్లిన మన కాన్‌బెరా విమానానికి క్షిపణి తగిలింది. పదిమంది ముఠాకి ఇంత సరంజామా ఎక్కడిది?

అసలు లెక్క పోస్టు పట్టుకున్నాకే తేలేది. జేబుల్లో పే బుక్కులు, ఐడీ కార్డులు దొరికేవి. మా సుబేదార్ సాబ్ మాత్రం ముందు స్లీపింగ్ బ్యాగులు లెక్కపెట్టించేవారు. పారిపోయేవాడు తుపాకీ పట్టుకుపోతాడు గానీ పక్క చుట్టుకుపోడు అనేవారాయన.