మీ ప్రశ్న - మా జవాబు: తిమింగలం బుడిపెలు, గుడ్లగూబ ఈకలు, గాలిమర బ్లేడు

ప్రశ్న: సార్ నమస్తే, మేం అనంతపురంలో బీటెక్ మెకానికల్ ఫైనల్ ఇయర్. తిమింగలం రెక్కకి ఉండే బుడిపెల్లాంటివి విండ్ టర్బైన్ బ్లేడుకి పెడితే పవర్ పెరుగుతుందని చదివి, పీవీసీ పైపు కోసి మూడు బ్లేడ్లు చేసి ముందు అంచున ఎం-సీల్‌తో బుడిపెలు పెట్టాం. టేబుల్ ఫ్యాన్ ముందు పెడితే బుడిపెలు లేనప్పుడు మల్టీమీటర్‌లో 2.1 వోల్టులు, పెట్టాక 1.8. గైడ్ సార్ టాపిక్ మార్చేయమంటున్నారు. మార్చాలా?

జవాబు: వద్దు తమ్ముడూ, మార్చొద్దు. వోల్టేజ్ తగ్గిందని ఉన్నదున్నట్టు రాసావు, నాకు అదే బాగా నచ్చింది, ఎందుకంటే పెద్ద పెద్ద ల్యాబుల్లో కూడా ఇలాగే తగ్గింది.

ఈ కథ మొదలైంది అమెరికాలో, బోస్టన్‌లో ఒక గిఫ్ట్ షాపులో. ఫ్రాంక్ ఫిష్ అనే బయాలజీ ప్రొఫెసర్ అక్కడ హంప్‌బ్యాక్ తిమింగలం బొమ్మ చూసి, శిల్పి పొరపాటున బుడిపెల్ని రెక్క ముందు అంచున పెట్టేసాడు అనుకున్నాడట, రెక్కకి ముందు అంచు నున్నగా ఉండాలనే కదా మనందరం చదువుకున్నది. తర్వాత చూస్తే బొమ్మే కరెక్ట్. 2004లో ఆయనా ఇంకొందరూ కలిసి ఆ రెక్క నమూనాల్ని విండ్ టన్నెల్‌లో (గాలిని వదిలి పరీక్షించే సొరంగంలో) పెడితే స్టాల్ అయ్యే కోణం, అంటే రెక్కని ఎంత వంచితే గాలి దాన్ని వదిలేస్తుందో ఆ కోణం, 40 శాతం దాకా పెరిగింది, మాక్సిమం లిఫ్ట్ (పైకెత్తే బలం) 6 శాతం పెరిగింది, కొన్ని కోణాల దగ్గర డ్రాగ్ (వెనక్కి లాగే బలం) 32 శాతం వరకు తగ్గింది. అందరూ ఈ నంబర్లే షేర్ చేస్తారు గానీ ఏ కోణం దగ్గర అనేది ఎవరూ చెప్పరు, అసలు విషయం అంతా అక్కడే ఉంది.

తిమింగలానికి ఆ బుడిపెలు ఎందుకో ఆలోచించు. అంత బరువైన శరీరంతో చేపల గుంపు చుట్టూ గిర్రున తిరగాలి, అలా తిరిగేటప్పుడు రెక్కని బాగా వంచాలి, ఎక్కువ వంచితే నీళ్లు రెక్క పైభాగాన్ని అంటుకోకుండా విడిపోతాయి, అదే స్టాల్. బుడిపెల మధ్య పల్లాల్లోంచి వెళ్లే నీళ్లు చిన్న చిన్న సుడులు తిరిగి, పైనుంచి వేగంగా పోయే నీళ్లని రెక్క దగ్గరికి లాక్కొస్తాయి, దాంతో అది విడిపోకుండా ఇంకాసేపు అంటుకునే ఉంటుంది. అంటే బుడిపెల పని స్టాల్ దగ్గరే. 2007లో వచ్చిన ఇంకో పేపర్లో రెక్క పొడవునా బుడిపెలు పెట్టి టెస్ట్ చేస్తే స్టాల్‌కి ముందు లిఫ్ట్ తగ్గింది, స్టాల్ దాటాక మాత్రం మామూలు రెక్క కన్నా సగం వరకు ఎక్కువ వచ్చింది. మీ బ్లేడు ఫ్యాన్ ముందు స్పీడు అందుకున్నాక గాలి దానికి తక్కువ కోణంలోనే తగులుతుంది, స్టాల్ దరిదాపుల్లో కూడా ఉండదు, అక్కడ బుడిపెలు అడ్డమే.

ఇంకో మాట, పీవీసీ ముక్క అంటే వంగిన రేకు లాంటిది, తిమింగలం రెక్కేమో ముందు గుండ్రంగా లావుగా ఉండి వెనక్కి సన్నబడుతుంది. రేకు అంచుకి ముద్దలు అతికిస్తే అవి బుడిపెలు కావు, గడ్డలు. రెక్క అంచే అలలా ముందుకీ వెనక్కీ వెళ్లాలి. మెత్తటి కర్రని చెక్కి, సాండ్‌పేపర్‌తో వెనకదాకా నున్నగా కలిపేయండి.

కొలిచే పద్ధతి కూడా మార్చండి. లోడ్ (కరెంటు వాడుకునే వస్తువు) లేకుండా చూసిన వోల్టేజ్ స్పీడునే చెప్తుంది, పవర్ని కాదు. 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి దాని మీద వోల్టేజ్ చూడండి, 2 వోల్టులు వస్తే 0.4 వాట్లు. బ్లేడు కోణం 5 డిగ్రీల చొప్పున పెంచుతూ నున్నటి బ్లేడుకీ బుడిపెల బ్లేడుకీ పవర్ విడివిడిగా రాసుకుని గ్రాఫ్ గీయండి, ఫ్యాన్ ఎంత దూరంలో ఉన్నప్పుడు ఏది తనంతట తాను తిరగడం మొదలుపెడుతుందో కూడా రాయండి. ఫ్యాన్ గాలి మెలి తిరిగి వస్తుంది కాబట్టి మధ్యలో కూల్‌డ్రింక్ స్ట్రాలు కట్టగట్టి పెట్టండి. రెండు గీతలు ఏ కోణం దగ్గర ఒకదాన్నొకటి దాటాయో, అదే మీ ప్రాజెక్ట్. దాటకపోయినా రిపోర్ట్‌లో అదే రాయండి, గైడ్ గారికి ఆ గ్రాఫే చూపించండి.

ప్రశ్న: మాది ఉరవకొండ దగ్గర పల్లె. గాలిమర ఫ్యాన్ల సౌండు రాత్రిళ్లు హుష్ హుష్ మని వస్తది. బ్లేడ్లకి రంపం పళ్లు పెడితే తగ్గుతదని వీడియోలో చూసా, నిజమేనా?

జవాబు: నిజమేనండీ, ఇది మార్కెట్లోకి కూడా వచ్చేసింది, గాలిమరలు చేసే సీమెన్స్ (ఇప్పుడు సీమెన్స్ గమేసా) కంపెనీ వాళ్లు డైనోటెయిల్స్ అనే పేరుతో తెచ్చారు. గుడ్లగూబ ఎలుక మీదకి దిగేటప్పుడు చప్పుడు రాకపోవడానికి ఒక కారణం రెక్క వెనక అంచున కుచ్చులా ఉండే ఈకలు, బ్లేడుకి పెట్టే రంపం పళ్లు కూడా అలాంటివే. పెద్ద బ్లేడు కొస గంటకి దాదాపు 290 కిలోమీటర్ల స్పీడుతో కూడా పోగలదు, దాని మీదుగా సుడులు తిరుగుతూ వచ్చిన గాలి తిన్నటి వెనక అంచుని ఒక్కసారిగా దాటడం వల్లే ఆ హుష్ శబ్దం. పళ్లుంటే ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా దాటుతుంది. పూర్తిగా పోదు, రెండు మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. మీ దగ్గరి గాలిమరకి పళ్లున్నాయో లేదో తెలియాలంటే, దాన్ని ఆపినప్పుడు బైనాక్యులర్‌తో బ్లేడు కొస వైపు భాగంలో వెనక అంచు చూడండి.