బుజ్జికి, బల్బు పెట్టి చూడు

రాయగడ

చి.ల.సౌ. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. వానలు వదలడం లేదు, నాగావళి నిండుగా పారుతోంది. మీ పెద్దమ్మ మోకాలి నొప్పి అంటూనే మజ్జిగౌరమ్మ గుడికి నడిచి వెళ్లి వచ్చింది.

అమెరికా నుంచి నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. మోటర్‌హోమ్, అంటే మీ చక్రాల మీది ఇల్లు, దాని వెనక కారును నాలుగు చక్రాల మీదే కట్టి లాక్కుపోతున్నారు, ఆరు గంటల తర్వాత దిగి చూస్తే కారు సెల్ఫ్ తిరగడం లేదు, దారిలో కారు బ్యాటరీ నిండాలని పెద్దబండి బ్యాటరీ నుంచి సాకెట్, కేబుల్ మీదుగా చార్జింగ్ లైను వేయించాక కూడా అదే కథ. మీ బాబాయికి చెబితే, చక్రాలు తిరుగుతున్నప్పుడు డైనమో కూడా తిరగాలి కదా అని నాతో వాదన. తిరగదు. దాన్ని తిప్పేది ఇంజను బెల్టు, చక్రం కాదు. పైగా స్టీరింగ్ లాక్ పడకుండా తాళం యాక్సెసరీలో ఉంచారు, బ్రేకు పెడల్ తొక్కే పెట్టె ఒకటి లోపల పని చేస్తోంది. అన్నీ కలిపి 5 ఆంపియర్లు లాగుతున్నాయనుకో, ఆరు గంటలకు 30 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తమే 45, 50 ఉంటుంది. లాక్కెళ్లేటప్పుడు ఫలానా ఫ్యూజు తీసేయమని మీ కారు పుస్తకంలో ఉందేమో ముందు చూడు. చాలా కార్లకు ఆ మాట రాసి ఉంటుంది.

ఇక నువ్వు పంపిన రీడింగులు. ఇంజను ఆడుతుండగా మోటర్‌హోమ్ బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, వెనక సాకెట్‌లో 14.0, కారు బ్యాటరీ దగ్గర 12.1. సాకెట్ దాకా లైను బాగుంది అని తేల్చేశావు. అక్కడే పొరపాటు. కేబుల్ తీసేసి ఖాళీ సాకెట్‌లో మీటరు పెడితే అది లాగే కరెంటు లెక్కలోకే రాదు. వైరులో ఒక్క పోగు మిగిలున్నా 14 చూపిస్తుంది. నిజం తెలియాలంటే లోడు, అంటే కరెంటు లాగే వస్తువు, పెట్టాలి.

నేను బస్టాండు దగ్గర షాపు పెట్టిన కొత్తలో వెదురు లోడు ట్రాలీ ఒకటి వచ్చింది. బ్రేకు తొక్కితే వెనక లైట్లు డల్. మీటరు పెట్టాను, వోల్టేజి బాగానే ఉంది. వైరు మార్చాను, హోల్డర్లు మార్చాను, రెండు రోజులు పోయాయి. చివరికి చూస్తే ఎర్త్ బోల్టును పెయింటు మీదే బిగించారు. కూలి అడగడానికి నోరు రాలేదు నాకు. అప్పటి నుంచి ముందు ఎర్త్ చూశాకే మిగతాది.

నువ్వు చేయాల్సింది ఇది. మోటర్‌హోమ్‌కు హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డాలు పెట్టు. స్టీరింగ్ దగ్గర అల్లుడిగారిని కూర్చోబెట్టు. ఇంజను ఆడుతుండగా బండి కిందకు మాత్రం దూరకు. ముందు చిన్న పరీక్ష: కారు బ్యాటరీ మీద మీటరు పెట్టి ఉంచి, కేబుల్ పీకెయ్. 12.1 కదలలేదంటే అసలు ఏమీ రావడం లేదు, ఆ 12.1 బ్యాటరీ సొంతది. కొంచెమైనా తగ్గితే వస్తోంది గానీ దారిలో తినేస్తోంది.

తర్వాత 55 వాట్ల పాత హెడ్‌లైట్ బల్బుకు రెండు వైర్లు కట్టు. అది నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. వేడెక్కుతుంది, గాజు పట్టుకోకు. మోటర్‌హోమ్ బ్యాటరీ దగ్గర, సాకెట్‌లో, కేబుల్ రెండో కొసలో వరుసగా వెలిగించి, వెలుగుతుండగానే దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజి చూడు. ఆ తర్వాత కేబుల్ తగిలించి, కారు బ్యాటరీ దగ్గరి ఫ్యూజు తీసి, హోల్డరులో లైను వైపు కాలుకూ కారు ఎర్త్‌కూ మధ్య ఇంకోసారి. ఏ రెండు చోట్ల మధ్య ఒక్కసారిగా పడిపోతే తప్పు అక్కడే.

బల్బు డల్‌గా ఉంటే జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని మోటర్‌హోమ్ ఛాసిస్‌కూ బల్బు మైనస్ కాలుకూ కలుపు. వెంటనే వెలుగు పెరిగిందా, ఎర్త్ దొంగ. బండికీ కారుకూ మధ్య కట్టే టో బార్ ఇనుమే కదా అని దాన్నే ఎర్త్‌గా నమ్ముకునేవాళ్లు ఉన్నారు. పెయింటు, గ్రీజు, తుప్పు, కదిలే పిన్నులు, దాన్ని ఎలా నమ్ముతాం? ఎర్త్‌కు వేరే వైరు ఉండాలి, ప్లస్ ఎంత లావో ఇదీ అంతే లావు.

రంగుల విషయంలో జాగ్రత్త. ఇక్కడ మన చేతికి నల్ల వైరు అంటే ఎర్త్. అమెరికా ట్రైలర్ సాకెట్లలో సాధారణంగా తెల్లది ఎర్త్, నల్లది 12 వోల్టుల ప్లస్. ఆరు పిన్నుల సాకెట్‌లో మధ్య పిన్నును కొందరు చార్జింగ్‌కు వాడతారు, కొందరు బ్రేకుకు. అటు ఒకరు, ఇటు ఇంకొకరు వైరింగ్ చేస్తే రెండూ కలవకపోవచ్చు. రంగు చూసి కాదు, మీటరుతో తేల్చుకో.

స్ప్రింగులా చుట్టుకున్న ఆ కేబుల్ మీద నాకు అనుమానం ఎక్కువ. బల్బు వెలుగుతుండగా ప్లగ్ దగ్గర వంచి, ఆడించి చూడు. మిణుకుమంటే లోపల పోగులు తెగాయి. పిన్నుల మీద పచ్చగా చిలుము ఉంటే గీకి, చీలికల్ని సన్నని కత్తి మొనతో కొంచెం విప్పి, గ్రీజు రాయి.

అన్నీ బాగుండి కూడా వోల్టేజి తక్కువైతే వైరు లావు చూడాలి. మీ బండీ కారూ కలిపి పోను 60 అడుగులు, రాను 60. గేజ్ నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నం. 14 గేజ్ అయితే దారి మొత్తం రెసిస్టెన్స్ దాదాపు 0.3 ఓమ్. 5 ఆంపియర్లకు ఒకటిన్నర వోల్టు అక్కడే ఖర్చు. 14.1లో అది తీసేస్తే 12.6, దానితో బ్యాటరీ ఏం నిండుతుంది? 10 గేజ్ అయితే నష్టం 0.6. మధ్యలో మామూలు డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) పెట్టి ఉంటే ఇంకో 0.7 వోల్టు పోతుంది, అది కూడా వెతుకు.

ఫ్యూజు రెండు చివరలా ఉండాలి, ఒక్కటి చాలదు. రెండు వైపులా బ్యాటరీలే కదా, మధ్యలో షార్ట్ అయితే రెండూ మంట పెడతాయి. ఒక్కొక్కటి దాని బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండనీ. 15 ఆంపియర్లది చాలు. పొద్దున్నే బండి స్టార్ట్ చేయగానే ఫ్యూజు పోతోందంటే, పెద్దబండి సెల్ఫ్ మీ కారు బ్యాటరీ నుంచి కరెంటు లాగుతోందని అర్థం. అప్పుడు పెద్ద ఫ్యూజు వేయకు. ఇంజను ఆడుతున్నప్పుడే లైను కలిసేలా రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి, పెట్టించు. ఇంజను ఆపి తాళం తీసేశాక సాకెట్‌లో బల్బు వెలుగుతుందేమో కూడా చూసుకో. వెలిగితే రాత్రి మీరు వాడే ఫ్యాన్లూ లైట్లూ కారు బ్యాటరీనీ తాగేస్తాయి.

పని మొదలుపెట్టే ముందు కారు బ్యాటరీని బయట చార్జర్‌తో నింపి, ఒక రాత్రి వదిలేసి చూడు. పొద్దునకి 12.6 లేకపోతే బ్యాటరీయే ముసలిదైంది, ఆ తర్వాత లైను మీద ఎంత పని చేసినా దండగ.

ఎక్కడ ఎంత వచ్చిందో నాలుగు అంకెలు కాగితం మీద రాసి ఫోటో పంపు. రాత్రి తొమ్మిది దాకా మెలకువగానే ఉంటాను, మీకు అప్పటికి తెల్లవారుతుంది.

మీ పెదనాన్న