కొర్రమీను పిల్లలు ముడితే చస్తున్నయి, చేపనూనె పొయ్యాల్నా?

ప్రశ్న: సార్, మాది నర్సంపేట దగ్గర ఊరు. ఇంటెనక టార్పాలిన్ ట్యాంకుల 15 వేల కొర్రమీను పిల్లల్ని వేసిన. ఈస్టు నీళ్లల్ల మొయినా (కంటికి సన్నగ కనిపించే నీటిపురుగు) పెంచి అదే మేతగ వేస్తున్న, కడుపు నిండ తింటున్నయి. కానీ పదిహేనో రోజు నుంచి జల్లెడతోని పట్టి ఇంకో తొట్టిల వేస్తే గిర్రున తిరిగి పక్కకు ఒరిగి చస్తున్నయి, ముట్టకపోతే మంచిగనే ఉంటున్నయి. సీడ్ అమ్మినాయన చేపనూనె తెచ్చి ట్యాంకుల పొయ్యమన్నడు. పొయ్యాల్నా?

జవాబు: అన్నా, ముందుగాల ఆ నూనె డబ్బా పక్కకు పెట్టు. కొర్రమీను పిల్ల కొంచెం పెద్దగైనంక పైకొచ్చి గాలి పీలుస్తది కదా, నీళ్ల మీద నూనె తెట్టు కడితే గాలి అందక ఉన్నయి కూడ పోతయి. నర్సరీ చెరువుల పిల్లల్ని వదిలే ముందు నీటిపురుగుల్ని చంపనీకె హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు కలిపి కొడ్తరు, అది పనిచేసేది కూడ గిట్లనే, పైకొచ్చి గాలి పీల్చే పురుగుకు ఊపిరాడకుంట చేసి. నూనె కావాలన్నది ఆయన తప్పు చెప్పలె, పొయ్యమన్న జాగనే తప్పు.

నువ్వు రాసిన దాంట్ల నాకు పట్టిచ్చిన మాట ఒకటుంది, "ముట్టకపోతే మంచిగనే ఉంటున్నయి" అన్నవ్ చూడు. రెండు తొట్ల నీళ్ల వేడి, అమ్మోనియా ఒకసారి చూస్కో, అవి సరిగనే ఉంటే ఇది కొవ్వు లోపం లెక్కనే కనిపిస్తున్నది. ఒమేగా-3 కొవ్వులు తక్కువైన చేప తింటది, ఈదుతది, కానీ పట్టుకున్నా నీళ్లు మార్చినా ఆ దెబ్బకు తట్టుకోదు. ట్రౌట్ చేపల్ల ఈ లక్షణం ఎప్పుడో చూసిన్రు. పిల్లకు మెదడు, కన్ను తయారయ్యే టైములనే డీహెచ్‌ఏ అనే కొవ్వు బాగ కావాలె, అది అందకపోతే మేత కండ్ల ముందే ఉన్నా గురి తప్పుతది.

మరి మొయినా కడుపు నిండ తింటున్నయి కదా అంటవ్. మొయినా ఏం తింటే మొయినాల అదే ఉంటది. ఈస్టుల ఒమేగా-3 ఉండదు, అంటే ఉత్త గంజి తాగిన కోడిని కోసుకుని తిన్నట్టే. పచ్చనీళ్ల మీద పెంచితే కొంచెం నయం, ఆ పాచిల ఆల్ఫా లినోలెనిక్ అనే 18 కార్బన్ల కొవ్వు ఉంటది. మంచినీటి చేపలు దాన్ని ఒంట్ల 20 కార్బన్ల ఈపీఏ, 22 కార్బన్ల డీహెచ్‌ఏగ మార్చుకుంటయి, సముద్రపు చేపలకు ఇది సరిగ చాతగాదు. కొర్రమీనుకు కూడ ఆ పని చేసే ఎంజైములు ఉన్నయని తేలింది, కానీ వారం పది రోజుల పిల్లకు కావాల్సినంత తొందరగ తయారైతదని నమ్ముకోవద్దు. పైగ పొద్దుతిరుగుడు నూనె, తవుడుల ఉండే ఒమేగా-6 కొవ్వు కూడ అదే ఎంజైము కాడికొస్తది. పాకాల కాలువల ఒక్క తూముకు ఇద్దరు రైతులు కొట్లాడినట్టే, ఒమేగా-6 ఎక్కువైతే ఒమేగా-3కి నీళ్లు అందవు. వంటనూనె అసలే వెయ్యకు.

ఇంకొక సంగతి, మొయినా అసొంటియి ఈపీఏ దాచుకుంటయి గని డీహెచ్‌ఏ చాన తక్కువ. కోపిపాడ్లు అనే ఇంకో తీరు సన్న నీటిపురుగులల్ల డీహెచ్‌ఏ మంచిగ ఉంటది, కానీ ఊరి చెరువుల నుంచి వడగట్టి తేకు, వాటిల సైక్లాప్స్ జాతివి చిన్న పిల్లల్నే కొరుకుతయి, రోగాలు కూడ వెంట వస్తయి. అందుకే మేతకే మేత పెట్టాలె. 5 గ్రాముల చేపనూనె, లేకుంటే మెడికల్ షాపుల దొరికే కాడ్ లివర్ నూనె, పచ్చి గుడ్డు సొన ఒక గ్రాము, 100 మిల్లీ నీళ్లు మిక్సీల రెండు మూడు నిమిషాలు తిప్పితే పాల లెక్క అయితది. కాడ్ లివర్ నూనె గోలీలు తెస్తే పొడిచి పిండుకో, విటమిన్-ఇ గోలీ ఒకటి కలిపితే నూనె తొందరగ చెడదు. ముక్కిన వాసనొస్తే పారబొయ్యి, అది మేలు కన్న కీడే ఎక్కువ చేస్తది. ఈ పాలను 10 లీటర్ల మొయినా బకెట్‌కు ఒక 20 మిల్లీ వేసి గాలి మంచిగ పెట్టి మూడు నాలుగు గంటలు ఉంచు, తెట్టు కడితే మొయినా దాంట్ల చిక్కుకుంటది కాబట్టి మొదటిసారి సగమే వేసి చూడు. తర్వాత బట్టల వడగట్టి మంచినీళ్లతోని కడిగి అప్పుడు పిల్లలకు వెయ్యి. కడగకుంట వేసినవనుకో, సీడ్ అమ్మినాయన మాటే విన్నట్టయితది!

ఆర్టీమియా (ఉప్పునీళ్లల్ల పెరిగే సన్న రొయ్య లాంటిది, దాని ఎండు గుడ్లు డబ్బాలల్ల అమ్ముతరు) వాడుదామంటే డబ్బా ధరకే గుండె ఆగుతది, అయినా మళ్ల పిల్లల్ని వేసినప్పుడు మొదటి వారానికి కొంచెమన్న తెచ్చుకో. లీటరు నీళ్లకు 25–30 గ్రాముల రాళ్లుప్పు, 2 గ్రాముల గుడ్లు, 28 డిగ్రీల వేడి, లైటు, గాలి, 24 గంటలల్ల పొదుగుతది. దాంట్ల కూడ డీహెచ్‌ఏ లేనట్టే. పైగ అన్ని డబ్బాలు ఒక్కతీరు ఉండయి, జపాన్‌ల వతనబే అనే శాస్త్రవేత్త వాళ్లు 1980 ప్రాంతంలనే ఆర్టీమియాను ఈపీఏ ఎక్కువున్న రకం, లేని రకం అని విడగొట్టిన్రు. పొదిగిన వెంటనే నూనె పాలు వేస్తే దండగ, నోరు తెరిచేదే 8 గంటలైనంక. నూనె పాలు ఎక్కిచ్చినంక కూడ ఎక్కువసేపు ఉంచొద్దు, ఆర్టీమియా ఆ డీహెచ్‌ఏను మళ్ల ఈపీఏగ మార్చేసుకుంటది. మంచినీళ్లల్ల కొన్ని గంటలే బతుకుతది కాబట్టి కొంచెం కొంచెంగ వెయ్యి, గుడ్ల పెంకులు ట్యాంకులకు పోకుంట చూడు.

ఇప్పుడున్న పిల్లల్ని వారం పది రోజులు జల్లెడతోని ముట్టకు. తర్వాత ఒక పది పిల్లల్ని మాత్రమే పట్టి తొట్టిల వేసి చూడు, తట్టుకుంటే అప్పుడు సైజులవారీగ వేరుచెయ్యి, లేకుంటే పెద్దయి చిన్నయి తింటయి, ఆ చావులను కూడ నూనె ఖాతల రాసుకుంటవ్.