మందిరానికి మొక్కిన 10 లక్షలు, ఇంట్లో తీరని అప్పు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. మా ఆయనకు మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. ఒకప్పుడు బాగా తాగేవారు. ఇప్పుడు వెళ్తున్న సంఘంలో చేరాక పూర్తిగా మానేశారు. ఈమధ్య మామగారి పొలం 24 లక్షలకు అమ్మాం. మామగారు వీలునామా రాయకుండానే పోయారు, ఈయన ఒక్కడే సంతానం. అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకు కిడ్నీ జబ్బు. రిజిస్ట్రారాఫీసులో ఆవిడ చేత కూడా వేలిముద్ర వేయించారు, డబ్బు మాత్రం ఈయన ఖాతాలో పడింది. ఆ వారమే ఉపవాస కూటంలో అందరి ముందూ లేచి, మందిరం కట్టడానికి 10 లక్షలు ఇస్తానని మొక్కుకున్నారు. అత్తగారి ఆపరేషన్‌కీ అమ్మాయి నర్సింగ్ చదువుకీ తెచ్చిన 6 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీ మీద అలాగే ఉన్నాయి. నెలనెలా వడ్డీ కడుతున్నాం, నోటు రాసి మూడేళ్లు కావస్తోంది. ఫీజు బాకీ ఉందని కాలేజీవాళ్లు అమ్మాయి సర్టిఫికెట్లు ఇవ్వలేదు. అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. ఏమన్నా అంటే "విత్తనం వేస్తున్నాం, నూరంతలుగా తిరిగొస్తుంది, సప్పీరాలా అడ్డుపడకు" అంటారు. మొక్కు తప్పితే శాపమని పాస్టర్ గారు కూడా అన్నారట. నేను నిజంగా దేవునికి అడ్డం పడుతున్నానా? ఆ సంఘానికి వెళ్లడం మానేయాలనిపిస్తోంది.
– ఒక సోదరి

జవాబు:

అమ్మా, వందనాలు.

మీకు నిద్ర పట్టనివ్వని మాట ఏదో ఉత్తరం చదివితేనే తెలుస్తోంది, అందుకే ముందు దానికే జవాబు చెబుతాను. మీరు దేవునికి అడ్డం పడటం లేదు. సప్పీరాకూ మీకూ పోలికే లేదు. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం మీరిద్దరూ కలిసి మళ్లీ చదవండి. అననీయ పొలం అమ్మి, వచ్చిన దాంట్లో కొంత దాచుకుని, మిగతాది తెచ్చి అదే మొత్తం అన్నట్టు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. పేతురు అతనితో ఏమన్నాడు? అమ్మకముందు పొలం నీదే, అమ్మిన తర్వాత ఆ సొమ్మూ నీ వశంలోనే ఉంది కదా అన్నాడు. అంటే ఇవ్వకపోయినా అతన్ని అడిగేవాళ్లు లేరు. దేవునితో అబద్ధమాడటమే అతని మీదికి శిక్ష తెచ్చింది. మూడు గంటల తర్వాత సప్పీరా వచ్చింది. పొలం ఇంతకే అమ్మారా అని అడిగితే అవును, ఇంతకే అంది. భర్త తప్పుకు వత్తాసు పలికినందుకే ఆమె కూడా పోయింది. "ఇది తప్పండీ" అని మీలాగా చెప్పగలిగిన భార్య ఆ ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆయన్నే ఒక్కసారి ఆలోచించమనండి.

ఇక మొక్కుబడి సంగతి. దేవుని పేరున నోరు విప్పి చెప్పిన మాట తప్పితే ఏమవుతుందోనన్న భయం మీ ఆయనది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. మొక్కుకున్నది ఆలస్యం చేయకుండా చెల్లించమని ప్రసంగి 5వ అధ్యాయం చెబుతుంది. చెల్లించలేని మొక్కు కంటే మొక్కుకోకపోవడమే మేలని కూడా అక్కడే ఉంది. అయితే మొక్కుబడుల లెక్కలన్నీ ఒకచోట పెట్టిన అధ్యాయం లేవీయకాండము 27. దాని మీద ప్రసంగాలు తక్కువ. మనుషులను దేవునికి మొక్కుకుంటే ఎవరికెంత వెల కట్టాలో వయసును బట్టి, ఇన్ని తులాల వెండి అని అందులో రాసి ఉంది. ఆ వెంటనే 8వ వచనంలో, అంత చెల్లించలేని బీదవాడైతే అతను యాజకుని ముందుకు రావాలనీ, యాజకుడు అతని కలిమి చొప్పున వెల నిర్ణయించాలనీ ఉంది. మొక్కినవాడి స్తోమత చూసి తగ్గించే బాధ్యతను దేవుడు యాజకుడి మీదే పెట్టాడు. శపించమని ఆ వచనంలో ఎక్కడా లేదు. 10 లక్షల మాట ఆవేశంలో వచ్చినా, నిజమైన కృతజ్ఞతతో వచ్చినా, దాన్ని కలిమి చొప్పున సరిచేసుకోవడానికి వాక్యంలోనే దారి ఉంది. ఈ అధ్యాయం తీసుకెళ్లి పాస్టర్ గారి ముందు పెట్టమనండి.

కలిమి అంటే ఎంత? మీ ఇంటి గొడవంతా ఇక్కడే ఉంది. 24 లక్షలు ఖాతాలో పడగానే అదంతా తనదే అనుకున్నారు ఆయన. మామగారు వీలునామా రాయలేదన్నారు కాబట్టి చెబుతున్నాను: 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు వస్తాయి. మామగారు కూడా క్రైస్తవులే అయితే, ఆ లెక్కన ఈ డబ్బులో 8 లక్షలు మీ అత్తగారివి. రిజిస్ట్రారాఫీసులో ఆవిడ వేలిముద్ర వేయించారంటే ఆవిడకు హక్కు ఉందనేగా! మందిరానికి మొక్కేటప్పుడు ఆవిడను ఒక్క మాటైనా అడిగారా? మార్కు సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు పరిసయ్యుల మీద కోపపడింది సరిగ్గా ఇలాంటి పని మీదే. అమ్మానాన్నలకు ఖర్చు పెట్టాల్సినదాన్ని 'కొర్బాను', అంటే దేవునికి అర్పితం అనేస్తే ఇక వాళ్లకు ఏమీ చేయనక్కర్లేదని వాళ్లు నేర్పేవారు. మీ పారంపర్యాచారం కోసం దేవుని వాక్యాన్ని నిరర్థకం చేస్తున్నారని ఆయన వాళ్ల ముఖం మీదే అన్నాడు. కిడ్నీ జబ్బున్న తల్లి మందుల డబ్బుతో కట్టే గోడ గురించి ఆ మాటలు ఏం చెబుతాయో మీ ఆయనకు నేను విడమరచి చెప్పక్కర్లేదు, ఆయన వాక్యం ఎరిగినవాడు.

మిగిలిన 16 లక్షల్లో 6 లక్షలు అప్పు ఇచ్చినాయనవి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 12 వేలు. ఈ మూడేళ్లలో 4 లక్షల 32 వేలు వడ్డీకే పోయాయి, అసలు అసలుగానే ఉంది. చేతిలో డబ్బు పెట్టుకుని అప్పు తీర్చకుండా కానుక ఇస్తే, ఇచ్చింది మన డబ్బు కాదు. అప్పిచ్చినాయన డబ్బును ఆయన్ని అడగకుండా కానుకల సంచిలో వేసినట్టే. 37వ కీర్తన ఎంత సూటిగా అంటుందో చూడండి: "భక్తిహీనులు అప్పుచేసి తీర్చకయుందురు." రాజులు రెండో గ్రంథం 4వ అధ్యాయంలో ప్రవక్త శిష్యుడి భార్య ఉంది. భర్త పోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకులనూ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా మాట మీద ఇరుగుపొరుగు దగ్గర పాత్రలు అడిగి తెచ్చుకుంది, ఉన్న కాస్త నూనె అన్ని పాత్రలూ నిండేదాకా వచ్చింది. సాక్షాత్తూ దేవుడు అద్భుతం చేసి ఇచ్చిన నూనె అది. దాన్నేం చేయమన్నాడు ఎలీషా? అమ్మి అప్పు తీర్చు, మిగిలినదాంతో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. తనకు ఒక గిన్నెడు తెమ్మని కూడా అడగలేదు. ఈ కథ నేను ఎన్నిసార్లు చదివినా ఆ చివరి మాట దగ్గర ఆగిపోతాను.

విత్తనం, నూరంతలు అంటున్నారు కదా. విత్తినవాడు కోస్తాడని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 9వ అధ్యాయంలో పౌలు రాసింది నిజమే. ఆయన ఆ మాట రాసింది యెరూషలేములో బీదరికంలో ఉన్న విశ్వాసుల కోసం చందా పోగుచేస్తూ. అందులోనే, ఒక అధ్యాయం ముందు, కలిమి కొలది ఇచ్చిందే ప్రీతికరమని, ఇతరులకు తేలికగా ఉండి మీకు భారం కావాలని చెప్పడం లేదని కూడా రాశాడు. ఆ డబ్బు విషయంలో తమ మీద ఎవరూ తప్పు మోపకుండా పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో కూడా అక్కడే ఉంది. కానుకలు పోగుచేసే ప్రతి సంఘమూ ఆ వచనాలు చదవాలి. నూరంతల మాట మార్కు 10లో ప్రభువు తన కోసం ఇల్లూ పొలమూ విడిచినవాళ్లకు చెప్పింది, పక్కనే 'హింసలతో పాటు' అని కూడా చెప్పాడు. ఇంత వేస్తే ఇంత వస్తుందన్న లెక్కతో ఇచ్చేదాన్ని పెట్టుబడి అంటారు. మీ ఆయన మనసులో నిజంగా ఉన్నది అది కాదని నాకు అనిపిస్తోంది. తాగుడు మాన్పించిన దేవునికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలనన్న ఆరాటం ఆయనది. ఆ ఆరాటం మంచిది. దాన్ని ఎగతాళి చేస్తే ఆయన మీకు దూరమవుతారు, ఆ మంచితనానికీ దూరమవుతారు.

అందుకే మీక్కూడా ఒక మాట చెప్పాలి. ఇవ్వొద్దు, ఒక్క రూపాయి కూడా వద్దు అని పట్టుబట్టకండి. డబ్బంతా దేవునిదే, మనం గృహనిర్వాహకులం మాత్రమేనని నమ్మేవాళ్లం. అప్పు తీర్చిన ప్రతి రూపాయికీ, అత్తగారి మందులకూ, మందిరానికీ అన్నిటికీ మనం ఒకే యజమానికి లెక్క చెప్పాలి. ఆ లెక్కలో కానుక గడి ఖాళీగా ఉండకూడదు. బీదవాళ్లు ఎలా ఇస్తారో చూడాలంటే మన డోర్నకల్ వైపు చూడండి. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన సంఘాల్లో ఎక్కువమంది కూలికి పోయేవాళ్లే. చేతిలో నగదు లేకపోయినా ఉన్నదాంట్లోంచి ఇవ్వడం ఆయన వాళ్లకు నేర్పారు. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేయడం, ఆదివారం ఆ కుండ గుడికి తీసుకెళ్లడం మన పాత సంఘాల్లో ఆడవాళ్లకు అలవాటు. కోతల పండుగకు కొత్త ధాన్యం, గుమ్మడికాయ, కోడిపుంజు తెచ్చి బలిపీఠం ముందు పెడితే తర్వాత వాటిని వేలం వేసేవారు, ఇప్పటికీ కొన్నిచోట్ల వేస్తారు. పిడికెడు తీసినా ఇంటిల్లిపాదికీ అన్నం మిగిలేది. ఎసట్లో బియ్యమంతా తీసి ఇమ్మని అజరయ్య గారు ఎవరినీ అడగలేదు.

ఇక ఏం చేయాలో చెబుతాను. ఆదివారం ఆరాధన అయి వచ్చిన పూట ఈ మాట ఎత్తకండి, పిల్లల ముందు అసలే వద్దు. షాపు మూసి వచ్చి, అన్నం తిని, ఆయన స్థిమితంగా ఉన్న రాత్రి అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఒక తెల్ల కాగితం తీయండి. పైన 24 అని రాయండి. అత్తగారి 8 లక్షలు ముందు పక్కకు తీసి, ఆవిడ పేరున బ్యాంకులో డిపాజిట్ చేద్దామని అడగండి. ఏం చేయాలో చెప్పే హక్కు ఆవిడదే, ఆవిడ మందిరానికి ఇస్తానంటే అది ఆవిడ కానుక. తర్వాత అప్పు 6 లక్షలు. మిగిలిన 10 లక్షల్లో అమ్మాయి ఫీజు బాకీ, అబ్బాయికి మిగిలిన రెండేళ్ల ఖర్చూ వేయండి. అప్పుడు మందిరానికి ఎంత ఇవ్వాలో ఆయన్నే చెప్పమనండి, మీరు చెప్పకండి. మిగిలిన 10 లక్షల్లో పదో వంతు, అంటే ఒక లక్ష అన్నారనుకోండి, సంతోషంగా సరేననండి. ఇంకో 50 వేలు ఎక్కువ అన్నా అప్పు తీరి పిల్లల చదువులు గడిచేటట్టుంటే పేచీ పెట్టకండి. 10 లక్షలు ఇవ్వాల్సిందేనని ఆయన ఇంకా అంటే, అప్పు తీరాక షాపు సంపాదనలోంచి నెలకు కొంత చొప్పున కొన్నేళ్లలో చెల్లించమనండి. వడ్డీ కింద పోయే 12 వేలు ఇకమీద మిగులుతాయి కదా, అందులోంచే ఇవ్వొచ్చు.

అప్పు మాత్రం ఈ వారమే తీర్చేయండి. నోటుకు మూడేళ్లు నిండబోతున్నాయంటే కొత్త నోటు రాయమనో, వెనకాల ఎంతో కొంత చెల్లు రాయమనో అప్పిచ్చినాయన అడుగుతారు. అవేమీ వద్దు. డబ్బు బ్యాంకు ద్వారా పంపి, పాత నోటు చేతికి తీసుకుని, దాని మీద పూర్తిగా ముట్టిందని ఆయన చేత రాయించి సంతకం పెట్టించుకోండి. అమ్మాయి ఫీజు కూడా వెంటనే కట్టి సర్టిఫికెట్లు తెచ్చుకోండి. అవి లేక ఆ పిల్ల ఉద్యోగంలో చేరలేకపోతోంది, చేరితే మీ ఇంటికి ఒక జీతం వస్తుంది.

పాస్టర్ గారి దగ్గరికి మీ ఆయన ఒక్కరూ వెళ్లకుండా మీరిద్దరూ కలిసి, వీలైతే సంఘ పెద్ద ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఆయన్ని తప్పుపట్టే మాటలు వద్దు. మా ఇంటి పరిస్థితి ఇది, మొక్కు విషయంలో మా కలిమి చొప్పున ఇంత ఇవ్వగలం, మాకోసం ప్రార్థన చేయండి అనండి. ఇచ్చే డబ్బు చెక్కు రూపంలో, సంఘం పేరునే ఇవ్వండి, రసీదు అడగండి. మందిరం ఖర్చు లెక్కలు సంవత్సరానికి ఒకసారైనా అందరి ముందూ చదవమని మీ ఆయనే మర్యాదగా అడిగితే బాగుంటుంది.

సంఘం మానేయాలనిపిస్తోందన్నారు. ఇప్పుడే మానకండి. మీ ఆయన్ను తాగుడు నుంచి లాగిన చోటు అది, ఆయన పక్కన మీరు కూర్చోకపోతే ఆ ఆదివారాలు ఆయన ఒంటరివారవుతారు. పాస్టర్ గారు మీ మాట విని సరేనంటే గొడవ అక్కడితో తీరిపోయినట్టే. ఒకవేళ మొక్కు తగ్గించారని కూటంలో మీ ఆయన పేరెత్తి నలుగురిలో అవమానిస్తే, లేదా శాపం మాట మళ్లీ తెస్తే, అప్పుడు ఇద్దరూ మాట్లాడుకుని ఇద్దరూ కలిసే వేరే సంఘానికి వెళ్లండి. మీరొక్కరే ఒకచోటికీ ఆయన ఒక్కరే ఇంకోచోటికీ మాత్రం వెళ్లొద్దు.