గొంతు వణికిందా, శ్రుతి ఊగిందా?

సందేహం: పర్లాకిమిడిలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. భజనలు, జముకు అనే తంతి వాద్యం మీటుతూ చెప్పే జముకుల కథలు రికార్డు చేస్తుంటాం. కొత్త కుర్రాళ్ల కోసం మాడ్యులేషన్ ఎఫెక్టుల (నాదాన్ని క్రమంగా మారుస్తుండే ఎఫెక్టుల) గురించి తెలుగులో నోట్సు రాస్తూ ట్రెమొలో, వైబ్రాటో రెండింటినీ 'కంపనం' అన్నాను. సరేనా? 'గొంతుకు కోరస్ ఇవ్వబడింది' అనీ, ఎఫెక్ట్ ఎంత ఎక్కువగా ఊపాలో చెప్పే 'డెప్త్' నాబ్ గురించి 'లోతు పెంచాలి' అనీ అనవచ్చా?

సమాధానం: రెండింటికీ ఒకే మాట వాడితే మీ కుర్రాళ్లు ఏ నాబ్ తిప్పాలో తెలియక తికమకపడతారు. పుట్టుకలో ఆ రెండు ఇటాలియన్ మాటలకూ వణుకు అనే అర్థమే ఉంది కానీ స్టూడియోలో వాటి పని వేరు. మీ దగ్గరికొచ్చే జముకుల కథవాళ్ల చేతులు చూడండి. తంతి మీటుతూ బిగించి వదులుతుంటే నాదం పైకీ కిందికీ జారుతుంది. అది శ్రుతి కదలడం. వైబ్రాటో చేసేదీ అదే, కాకపోతే సన్నగా, ఒక క్రమంలో. అదే మీరు మిక్సర్ మీద శబ్దం పెంచి తగ్గించే ఫేడర్‌ను ఆడిస్తే శ్రుతి ఉన్నచోటే ఉండి శబ్దం హెచ్చి తగ్గుతుంది. ట్రెమొలో ఆ పనిని సెకనుకు కొన్నిసార్లు దానంతటదే చేస్తుంది.

ఈ గందరగోళం తెలుగువాళ్లది మాత్రమే కాదు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో శ్రుతిని ఊపే కడ్డీకి 'ట్రెమొలో' అని పేరు పెట్టారు. అదే కంపెనీ ఆంప్లిఫయర్లలో శబ్దాన్ని హెచ్చించి తగ్గించేదానికేమో 'వైబ్రాటో' అన్నారు!

మనకు మాత్రం ఒక ఆధారం ఉంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో గమకాన్ని స్వరకంపమనే నిర్వచించాడు. కంపితం అని ఒక గమకమే ఉంది. కంపం అనగానే సంగీతం తెలిసినవాడికి స్వరం ఊగడమే స్ఫురిస్తుంది. కాబట్టి ఆ మాటను వైబ్రాటోకే ఉంచండి. ట్రెమొలోను 'శబ్దం హెచ్చుతగ్గులు' అని వివరిస్తే చాలు. 'వణుకు' వద్దు. గొంతు వణికిందంటే పాడేవాడికి భయమో జ్వరమో అనుకుంటారు.

అయితే ఎఫెక్టుల పేర్లు మార్చకండి. ఫ్లాంజర్, ఫేజర్ లాంటివాటికి సంస్కృత సమాసాలు అల్లితే మీ పక్కనున్న ఒడియా టెక్నీషియన్‌కే కాదు, తెలుగు కుర్రాడికీ అర్థం కావు. జనం నోట ఆడే మాటే రాతలోకి రావాలని గిడుగు రామమూర్తి పోరాడింది మీ ఊళ్లో పాఠాలు చెబుతూనే కదా. పేరు ఇంగ్లీషులో ఉండనివ్వండి, జరిగే పని తెలుగులో చెప్పండి.

'కోరస్' దగ్గర మాత్రం జాగ్రత్త. మనవాళ్లకు కోరస్ అంటే వెనక నలుగురు కలిసి పాడడం. యంత్రంలోని కోరస్ వేరు. ఒకే గొంతుకు నకలు తీసి, దాన్ని సుమారు 20, 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తూ, ఆ ఆలస్యాన్ని నెమ్మదిగా మారుస్తుంది. దాంతో నకలు శ్రుతి కొంచెం అటూ ఇటూ అయి, పలువురు పాడుతున్నట్టు ఉంటుంది. దీన్ని 'కోరస్ ఎఫెక్ట్' అనండి. మనుషులు పాడితే చక్కగా 'వంత' ఉంది. 'వంత పాడడం' అంటే తానా అంటే తందానా అనడమనే అర్థం కూడా ఉన్నా, కథలు చెప్పేవాళ్లలో అది గౌరవమైన మాటే.

'ఇవ్వబడింది' తెలుగు నుడి కాదు. 'కోరస్ ఎఫెక్ట్ ఇచ్చాం' అంటే హాయిగా ఉంటుంది. 'లోతు' అంటే గొంతు గంభీరంగా ఉండాలన్నట్టు వినిపిస్తుంది. 'డెప్త్ పెంచితే శ్రుతి ఇంకా ఎక్కువగా ఊగుతుంది' అని రాయండి. ట్రెమొలో దగ్గర శ్రుతి తీసేసి శబ్దం అని మార్చుకోండి.