పాయింట్లు పెట్టేదుంటే ఎండాకాలానికి పెట్టండి

ప్రశ్న: అన్నా, మేము ఫ్రెండ్స్ అందరం కలిసి తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు) ఉన్న పిల్లల కోసం బ్లడ్ డోనర్స్ గ్రూప్ పెట్టినాం. ఒకసారి ఇచ్చినోళ్ళు మళ్ళీ రావడంలా. అందుకే గేమ్ లాగా చేద్దామనుకుంటుండాం, ఒకసారి ఇస్తే 100 పాయింట్లు, లీడర్‌బోర్డు, ఏడాదికి ఫస్ట్ వచ్చినోళ్ళకి స్మార్ట్‌వాచ్. ఖర్చులకి బైక్ లక్కీ డ్రా కూపన్లు అమ్ముదామంటుండారు కొందరు. ఇట్టా చేయొచ్చా?
- డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: తమ్ముడూ, ముందు లక్కీ డ్రా మాట వదిలేయండి. కూపన్లు అమ్మి డ్రా తీస్తే అది ప్రైవేటు లాటరీ కిందకి వస్తుంది, భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ ప్రకారం నేరం, మంచి పనికే కదా చేశాం అంటే పోలీసులు వినరు. స్మార్ట్‌వాచ్ కూడా వద్దు. డబ్బుకి రక్తం అమ్ముకోవడాన్ని సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి మన దేశంలో ఆపేశారు, మళ్ళీ ఇంకో దారిలో దాన్ని తెచ్చినట్టు అవుతుంది. డబ్బు ఆశ పెడితే మంచి పని పెరుగుతుందనీ లేదు. ఇజ్రాయెల్‌లో ఒక ప్రయోగం చేశారు, 2000లో అచ్చయింది. హైస్కూల్ పిల్లల్ని ఇంటింటికీ విరాళాలకి పంపించి, ఒక గుంపుకి ఏమీ ఇవ్వలేదు, ఇంకో గుంపుకి వసూలైనదాంట్లో 1 శాతం అంత, మూడో గుంపుకి 10 శాతం అంత సొమ్ము విరాళాల్లోంచి కాకుండా విడిగా ఇస్తామన్నారు. అందరికంటే ఎక్కువ తెచ్చింది ఏమీ తీసుకోనోళ్ళే.

ఇక లీడర్‌బోర్డు. మగాళ్ళు 90 రోజులకి ఒకసారి, ఆడాళ్ళు 120 రోజులకి ఒకసారి ఇవ్వొచ్చు. అంటే మగాళ్ళు క్రమం తప్పకుండా ఇస్తే మీ లెక్కలో ఏ అమ్మాయీ ఫస్ట్ రాదు, మొదటి రోజే తేలిపోయిన ఆట ఎవరాడతారు చెప్పు? ఇంకా భయపెట్టే సంగతి ఏంటంటే, ర్యాంకు పోతుందని ఒకడు మొన్న జ్వరమొచ్చిన సంగతి దాస్తాడు, ఇంకొకడు కొత్తగా టాటూ వేయించుకున్న సంగతి దాస్తాడు, ఆ రక్తం ఎక్కేది చిన్నపిల్లలకి. అందుకని క్యాంపుకి వచ్చి నిజం చెప్పి, హిమోగ్లోబిన్ 12.5 లేదని వెనక్కి పంపిస్తే కూడా ఇచ్చినోళ్ళతో సమానంగా పాయింట్లు ఇవ్వండి. ఈ ఒక్క రూలు పెడితే చాలు, సగం భయం పోతుంది.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. రక్తం దాచుకునే సరుకు కాదు, ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో ఎంత జాగ్రత్తగా పెట్టినా మహా అయితే 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. హీరో పుట్టినరోజు అని ఒకే పూట వందల మంది క్యూ కడతారు, ఫోటోలు, స్టేటస్‌లు, అంతా బాగుంటుంది, కానీ తలసేమియా పిల్లాడికి మూడు నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే, వాడికి పుట్టినరోజులతో పనిలేదు. మే నెలలో చూడు, కాలేజీలు ఉండవు, రోహిణి కార్తెలో మన కావలి ఎండ సంగతి నీకు నేను చెప్పాలా, క్యాంపు పెట్టినా మనిషి కనపడడు. పిల్లల అమ్మానాన్నలు ఫోన్లు పట్టుకుని తిరిగేది అప్పుడే. కాబట్టి జనవరిలో ఇస్తే 1 పాయింటు, మేలో ఇస్తే 4 పాయింట్లు పెట్టండి. బ్లడ్ బ్యాంకు నుంచి ఫోనొచ్చిన రోజే వచ్చినోళ్ళకి ఇంకా ఎక్కువ. మనిషి పేరు మీద కాకుండా వీధి పేరు మీద పోటీ పెట్టండి, అప్పుడు ఇవ్వలేనోళ్ళు కూడా ఇంకొకరిని పిలుచుకొస్తారు.

మళ్ళీ రావడం లేదన్నావు కదా. స్వీడన్లో రక్తం ఇచ్చినోళ్ళకి, ఆ రక్తం వాడినప్పుడు ఫోన్‌కి మెసేజ్ పంపిస్తారు. మీరూ బ్లడ్ బ్యాంకోళ్ళని అడిగి చూడండి, పిల్లల పేర్లు వద్దు, "మీరిచ్చింది వాడాం" అన్న ఒక్క ముక్క చాలు, ఏ వాచీ అంత పని చేయదు.

ప్రశ్న: అనాథ పిల్లల పుస్తకాలకని ఆన్‌లైన్లో షూటింగ్ గేమ్ టోర్నమెంట్ పెట్టి, మనిషికి 50 ఎంట్రీ, గెలిచిన టీమ్‌కి క్యాష్ ప్రైజ్ అనుకున్నాం. ఓకేనా సార్?
- పొదిలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు బాబూ. డబ్బు కట్టించుకుని, గెలిస్తే డబ్బొస్తుందని ఆడించే ఆన్‌లైన్ ఆటల్ని కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించింది, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా కూడా చూడరు. సంక్రాంతికి ఎట్టాగూ వాలీబాల్ ఆడతారు కదా, ఎంట్రీ ఫీజంతా పుస్తకాలకే పెట్టి గెలిచినోళ్ళకి కప్పు ఇవ్వండి, జమాఖర్చు ఆడే కోర్టు పక్కనే కాయితమ్మీద రాసి అంటించండి.

ప్రశ్న: మా పాప ఏడో క్లాసు. ఫోన్లో ఏదో ఆట ఆడతా "అమ్మా, నేను బియ్యం దానం చేస్తున్నా" అంటుందండీ. నిజమేనా, లేక మోసమా?
- ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ఫ్రీరైస్ అనే క్విజ్ ఆట అయితే నిజమేనమ్మా. 2007లో జాన్ బ్రీన్ అనే అమెరికా ఆయన మొదలుపెట్టి, 2009లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమానికి అప్పగించేశాడు. ఒక్కో కరెక్టు జవాబుకి కొన్ని బియ్యం గింజలు, ఆ డబ్బు స్పాన్సర్లు ఇస్తారు, పాప దగ్గర పైసా తీసుకోరు. డబ్బులు గానీ ఓటీపీ గానీ అడిగితే మాత్రం అది వేరేదేదో, వెంటనే తీసేయండి. వంద జవాబులు చెప్పినా గుప్పెడు కూడా రాదు, అయినా పిల్లలు చదువుకుంటూ ఆకలి గురించి ఆలోచిస్తున్నారు, నాకు అది చాలా నచ్చుతుంది. 2014లో నెత్తిన ఐసు నీళ్ళు పోసుకునే ఐస్ బకెట్ ఛాలెంజ్ ఊపులో ఉన్నప్పుడు మన హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి గారు నీళ్ళు వృథా ఎందుకని రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలుపెట్టారు, బకెట్ బియ్యం దగ్గర్లో ఆకలితో ఉన్నోళ్ళకి ఇచ్చి ఇంకొకరిని పిలవడం. పాప ఫోన్లో లక్ష గింజలు దాటినప్పుడల్లా ఇంట్లోంచి ఒక బకెట్ బియ్యం అని మీరిద్దరూ ఒప్పందం చేసుకోండి. ఎవరికివ్వాలో పాపనే చెప్పనివ్వండి, తీసుకునేవాళ్ళ ఫోటో మాత్రం తీయొద్దు.