లిఖితపూర్వక ప్రశ్నతో మంత్రిని ఎలా నిలదీస్తారు?

చట్టసభలో సభ్యుడు మౌఖికంగా అడిగితే మంత్రి మాట దాటవేయవచ్చు. లిఖితపూర్వకంగా అడిగితే జవాబు అధికారిక రికార్డుల్లో నిలిచిపోతుంది. దాని బలమంతా అక్కడే ఉంది.

ప్రశ్న పదును చాలా ముఖ్యం. "పథకం ఎలా సాగుతోంది?" అంటే వచ్చేది పొగడ్తలే. "ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, మిగిలింది ఎందుకు ఆగింది?" అని విడగొట్టి అడిగితే శాఖ లెక్కలు తీయక తప్పదు. ఏడాది తర్వాత అదే ప్రశ్న మళ్లీ వేస్తే, రెండు జవాబుల మధ్య తేడా పత్రికలకు కూడా ఆధారమవుతుంది.

"సమాచారం సేకరిస్తున్నాం" అన్న జవాబుతో సభ్యుడు ఊరుకోకూడదు. భారత పార్లమెంటులో దాన్ని హామీగా పరిగణిస్తారు. 3 నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ ఆరా తీస్తుంది. బ్రిటన్ కామన్స్ సభలోనైతే జవాబు ఏ తేదీకి కావాలో సభ్యుడే పేర్కొనవచ్చు.